బ్రిటను దేశమున నిత్యప్రయాణము: రైలుబండి, బస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయపు బీరువాలలో యాత్రాగ్రంథములకు కొదువ లేదు. కోటలు, ప్రార్థనామందిరములు, రాజప్రాసాదములు, వంతెనలు వానిలో విస్తారముగా వర్ణింపబడియుండును. కాని పరదేశపు సామాన్యుడు తెల్లవారి లేచి పనికి ఎట్లు పోవును, ప్రొద్దుగూకునప్పటికి ఇల్లెట్లు చేరును, పల్లెటూరి ముసలమ్మ మందులకై బస్తీకి ఎట్లు వెళ్లివచ్చును అను సంగతులు ఆ గ్రంథములలో అరుదు. నేడు తెలుగుదేశపు పల్లెలనుండి సైతము పిల్లలు చదువునకును, ఉద్యోగమునకును బ్రిటను వెళ్లుచున్నారు. వారిని చూచుటకై తల్లిదండ్రులును వెళ్లి నాలుగు నెలలుండి వచ్చుచున్నారు. వచ్చినవారిని కదలించినచో రాజుగారి కోటనుగూర్చి రెండు మాటలు, బస్సునుగూర్చి ఇరువది మాటలు చెప్పుదురు. కోట ఒకనాటి వేడుక. బస్సు ప్రతిదినపు అవసరము.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు అను మూడు భాగములు కలిసిన ఆ ద్వీపము మన రెండు తెలుగు రాష్ట్రముల వైశాల్యముకంటె చిన్నది. ఆవిరియంత్రముతో నడచు ప్రజల రైలుమార్గము 1825 సెప్టెంబరు 27న అచ్చటనే, స్టాక్టను డార్లింగ్టను పట్టణముల నడుమ ఆరంభమైనది. స్టేషను, గార్డు, సిగ్నలు, ప్లాట్‌ఫారము అను మాటలు మన పల్లెటూళ్ల నోట తెలుగు మాటలైపోయినవన్నచో, ఆ మాటల పుట్టినిల్లు అదియే.

ముందుగా టిక్కెట్టు చరిత్ర వినదగినది. తొలినాళ్లలో రైలు గుమాస్తా ప్రతి ప్రయాణికునికి పేరు, ఊరు, తేదీ చేతితో వ్రాసి కాగితము చించి ఇచ్చుచుండెను. జనము ఎక్కువైన కొలది బండి వేచియుండుటయు, గుమాస్తా వ్రాయుచుండుటయు జరుగుచుండెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. గుమాస్తా ఎంత పుచ్చుకొనెనో, కంపెనీకి ఎంత జమ కట్టెనో తేల్చుటకు ఆధారము లేదు. థామస్ ఎడ్మండ్సన్ అను నాతడు వృత్తిచే వడ్రంగి. బీరువాలు, బల్లలు చేయు వ్యాపారములో దివాలా తీసి, న్యూకాజిల్, కార్లైల్ పట్టణముల నడిమి రైలుమార్గమున ఒక చిన్న స్టేషనులో 1836 లో కొలువునకు చేరెను. వడ్రంగి చేయి, దివాలా ఎత్తినవాని భయము, రెండును కలిసి ఆతనిచేత ఒక ఉపాయము చేయించినవి. రెండుంబావు అంగుళముల పొడవుగల అట్టముక్కలపై ఊరిపేరు, ఛార్జీ ముందుగనే అచ్చు వేయించి, ఒక్కొక్క ముక్కకు వరుస సంఖ్య నిచ్చి, ఊరికొక గొట్టము చొప్పున చెక్క అరలో పేర్చెను. తేదీ కొట్టుటకు ఒక చిన్న యంత్రము కల్పించెను.

ఇందులోని సొగసు లెక్కలు వ్రాయువారికి వెంటనే తెలియును. ఉదయము ఒక ఊరి గొట్టములో మొదట నిలిచిన టిక్కెట్టు 417 వది. రాత్రి కిటికీ మూయునప్పుడు మొదట నిలిచినది 463 వది. నలువదియారు టిక్కెట్లు అమ్ముడైనవి, ఛార్జీచే గుణించిన మొత్తము పెట్టెలో ఉండవలెను, లేనిచో గుమాస్తా సమాధానము చెప్పవలెను. చిట్టాకు ఆవర్జా సాక్ష్యము, ఆవర్జాకు టిక్కెట్టు సాక్ష్యము. మనుష్యుని నమ్మవలసిన అవసరము లేకుండ చేసి, ఆ మూలమున మనుష్యునికి నింద రాకుండ కాపాడిన పద్ధతి ఇది. ప్రపంచమంతయు దీనిని స్వీకరించినది. మన దేశమున కంప్యూటరు కాగితము వచ్చువరకు స్టేషను కిటికీలో టక్కుమని తేదీ కొట్టి ఇచ్చిన అట్టముక్క ఎడ్మండ్సన్ టిక్కెట్టే. దాని పుట్టింట మాత్రము బ్రిటిష్ రైల్వే 1990 లోనే దానిని మానివేసినది.

నేడచ్చట టిక్కెట్టు యంత్రమునుండి గాని, చేతిలోని ఫోనునుండి గాని వచ్చును. ఛార్జీల సంగతి చెప్పవలెనన్న ఎడ్మండ్సన్ కూడ తల గీరుకొనవలసివచ్చును. ఒకే ఊరినుండి ఒకే ఊరికి, ఒకే బండిలో, ప్రక్క ప్రక్కన కూర్చున్న ఇద్దరు ఇచ్చిన సొమ్ములో మూడింతల తేడా ఉండవచ్చును. రద్దీ వేళకు ఒక ధర, రద్దీ లేని వేళకు ఒక ధర, ముందుగా కొని ఆ ఒక్క బండికే కట్టుబడువానికి వేరొక ధర. ఇంతకంటె విచిత్రము, నడుమనున్న స్టేషనువద్ద ప్రయాణమును తెగగొట్టి రెండు టిక్కెట్లు కొన్నచో కొన్ని మార్గములలో మొత్తముపై ఆదాయమగును. ప్రయాణికుడు బండి దిగనక్కరలేదు, కదలనైన అక్కరలేదు. బండి ఆ స్టేషనులో ఆగిన చాలును. భాగముల మొత్తము పూర్ణముకంటె తక్కువ అగు గణితము లీలావతిలో లేదు. పదునారునుండి ఇరువదియైదేండ్ల వయస్సు వారికి రెయిల్‌కార్డు అను చీటి యున్నచో మూడవవంతు తగ్గింపు కలదు. మన విద్యార్థులు అడుగుపెట్టిన వెంటనే కొనుచున్నది అదియే. టిక్కెట్టు లేక పట్టుబడినచో ఇంగ్లండులో 2023 జనవరి నుండి నూరు పౌండ్ల అపరాధము, ఛార్జీ అదనము. ఇరువదియొక్క దినములలో చెల్లించినచో నూరు యేబది యగును.

ఈ చిక్కుల నడుమ ఒక పాత న్యాయము మరువరానిది. ఆరంభమున బీదలను రైలు కంపెనీలు పైకప్పులేని పెట్టెలలో, సరకుతో సమానముగా ఎక్కించినవి. 1844 లో పార్లమెంటు ఒక శాసనము చేసినది. ప్రతి కొత్త మార్గమున దినమునకు ఒక్క బండియైనను ప్రతి స్టేషనులో ఆగవలెను. వాన పడని పెట్టె యుండవలెను. ఆగుటతో కూడ గంటకు 12 మైళ్లకు తగ్గరాదు. మైలుకు ఒక్క పెన్నీకి మించి పుచ్చుకొనరాదు. గ్లాడ్‌స్టన్ మంత్రిగానున్న కాలమున వచ్చిన ఈ శాసనమువలన పల్లెవాడు పనికై పట్టణము పోగలిగెను. మూడవ తరగతి అను పేరు 1956 వరకు నిలిచి, పిదప రెండవ తరగతి యనియు, 1987 లో స్టాండర్డు అనియు మారినది. పేరు మారినంతమాత్రమున బల్ల మెత్తనగునా యని అడుగువారు అచ్చటను కలరు.

ఆ శాసనపు బండ్లను పార్లమెంటు బండ్లని పిలుచుచుండిరి. ఆ పేరు నేటికిని వేరొక అర్థమున నిలిచినది. ఒక మార్గమును మూసివేయవలెనన్నచో ప్రకటన, విచారణ, అభ్యంతరములు మొదలగు తతంగమంతయు జరుపవలెను. దానికంటె వారమునకు ఒక్క బండిని నడపి మార్గము జీవించియున్నదని చూపుట తేలిక. స్టాక్‌పోర్టునుండి స్టేలీబ్రిడ్జికి పోవు మార్గమున అట్లు చాలకాలముగా వారమునకు ఒక్కనాడు మాత్రమే బండి నడచుచున్నది. చూడవచ్చు వేడుకకాండ్రే దానిలో ప్రయాణికులు. చట్టమును అతిక్రమింపక చట్టపు ప్రాణము తీయుట ఎట్లో నేర్చుకొనదలచినవారు ఆ బండిని చూడవలెను.

కాలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పంచాంగము తిరుగవేయువారికి దేశాంతర సంస్కారము క్రొత్త కాదు. రేఖాంశము ఒక్కటి జరిగినచో నాలుగు నిమిషములు, అనగా పది విఘడియలు. పూర్వము ఆ దేశమున ప్రతి ఊరికిని తన మధ్యాహ్నము తనదిగా నుండెను. లండనుకు పడమట నున్న బ్రిస్టల్ నగరమున సూర్యుడు పది నిమిషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చును. గుఱ్ఱపుబండి కాలమున దీనివలన నష్టము లేదు. రైలు వచ్చిన పిదప, ఒక ఊరి గడియారము చూచి పోయినవానికి బండి దాటిపోవుచుండెను. 1840 నవంబరులో గ్రేట్ వెస్టరన్ రైల్వే తన స్టేషనులన్నిట లండను కాలమును పెట్టెను. బ్రిస్టల్ పురజనులు తమ సూర్యుని అంత తేలికగా వదలుకొనలేదు. అచ్చటి ధాన్యపు మార్కెట్టు భవనముపై గడియారమునకు రెండు నిమిషపు ముండ్లు పెట్టిరి. ఒకటి ఊరి కాలము, ఒకటి రైలు కాలము. ఆ గడియారము నేటికిని ఉన్నది. 1852 లో నగరము లొంగెను. దేశమంతటికి ఒకే కాలమని చట్టము వచ్చుట 1880 లో. మన దేశమునను రైళ్లు చాలకాలము మద్రాసు కాలము ననుసరించి నడచి, 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలమునకు మారినవి.

అంతటి కాలనిష్ఠ గల దేశమున బండ్లు సమయమునకు నడచునా యన్నచో, నడవనిదినములును కలవు. శరదృతువున రాలిన ఆకులు పట్టాలపై పడి, చక్రములక్రింద నలిగి, నునుపైన నల్లని పొరగా అంటుకొనును. బండి ఆగవలసినచోట ఆగదు, కదలవలసినచోట చక్రము జారును. ఆ పొర కడుగుటకు నీటిధారలు చిమ్ము ప్రత్యేకపు బండ్లు తిరుగుచుండును. ఆకులవలన ఆలస్యమని ప్రకటించినచో జనము నవ్వుదురు గాని సంగతి యథార్థము. ఆలస్యమునకు పరిహారము కూడ కలదు. పెక్కు సంస్థలు పదునైదు నిమిషములు దాటినచో ఛార్జీలో నాలుగవవంతు, అరగంట దాటినచో సగము, గంట దాటినచో మొత్తము తిరిగి ఇచ్చును. అడిగినవానికే ఇత్తురు. అడుగుటకు ఒక అర్జీ, అర్జీకి టిక్కెట్టు నకలు, అది మన కచ్చేరీల పద్ధతికి దూరము కాదు.

బండి ఎక్కిన వెంటనే తెలుగువానికి వింతయగునది నిశ్శబ్దము. మన బండిలో గార్డు ఈల వేయకముందే ఎదుటివారి ఊరు, ఇంటిపేరు, పిల్లల సంబంధములు తెలిసిపోవును, పులిహోర పొట్లము సగము చేతులు మారును. అచ్చట ఉదయమున ఒకే పెట్టెలో, ఒకే మూల, ఏండ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్నవారును ఒకరి పేరొకరెరుగకుందురు. దూరపు బండ్లలో నిశ్శబ్దమునకే యొక పెట్టె కేటాయింపబడును. ఇది గర్వమని కొందరి అభిప్రాయము. గర్వమనుట న్యాయము కాదు. ఇరుకైన చోట పొరుగువానికి మనస్సులోనైన కొంత స్థలము విడుచుట వారి మర్యాద. అదే మర్యాద వరుసలో నిలుచుటయందును కనబడును. బస్సు గుర్తువద్ద ఇద్దరే యున్నను ఒకరి వెనుక ఒకరు నిలుతురు.

ఆ నిశ్శబ్దమునుండి గ్రంథలోకమునకు ఒక మేలు కలిగినది. రైలులో చదువుటకు పుస్తకము కావలెను. 1848 లో డబ్ల్యు. హెచ్. స్మిత్ సంస్థ లండను యూస్టన్ స్టేషనులో పుస్తకముల అంగడి తెరచెను. మన దక్షిణదేశపు స్టేషనులలో హిగ్గిన్‌బాథమ్స్ అంగళ్లు ఆ జాతివే. 1934 లో అలెన్ లేన్ అను ప్రకాశకుడు ఎక్సిటర్ స్టేషనులో బండికై వేచియుండి, చదువదగిన చవుక పుస్తకము ఒక్కటియు దొరకక విసిగి, మరుసటి సంవత్సరము ఆరు పెన్నీలకు ఒక్కటిగా పెంగ్విన్ పుస్తకములను వెలువరించెనని ప్రసిద్ధి. సిగరెట్టు పెట్టె ధరకు మంచి పుస్తకము! ఆ పక్షిబొమ్మ పుస్తకములు ప్రపంచమున ఎన్ని గ్రంథాలయములకు చేరినవో లెక్కింపనలవి కాదు.

లండను నగరపు భూగర్భ రైలులో ప్లాట్‌ఫారము వంపుగా నున్నచోట బండికిని గట్టుకును సందు ఏర్పడును. సందు చూచుకొనుడను అర్థమున "మైండ్ ద గ్యాప్" అను హెచ్చరిక 1968 నుండి వినిపింపబడుచున్నది. ఎంబాంక్‌మెంట్ స్టేషనులో ఒక ప్లాట్‌ఫారముపై ఆ మాట పలికినది ఆస్వల్డ్ లారెన్స్ అను నటుని కంఠము. ఆయన 2007 లో మరణించెను. ఆయన భార్య, దుఃఖము పట్టలేనప్పుడు, ఆ స్టేషనుకు పోయి, బల్లపై కూర్చుండి, బండ్లు వచ్చి పోవుచుండగా భర్త కంఠము వినుచుండెడిది. 2012 చివర క్రొత్త యంత్రములు పెట్టి ఆ కంఠమును తీసివేసిరి. ఆమె పోయి అడిగెను. అధికారులు పాత ముద్రణను వెదకి, బాగుచేసి, 2013 లో ఆ ఒక్క ప్లాట్‌ఫారమున మాత్రము మరల పెట్టిరి. ఏ పద్దుక్రింద ఈ ఖర్చు వ్రాసిరో గాని, వ్రాసినవాడు ఉత్తముడు.

ఇక బస్సు. లండను ఎర్ర బస్సు రెండంతస్తులది. పై అంతస్తున ముందు బల్ల దొరికిన పిల్లవాని ఆనందము చెప్పనలవి కాదు. రూట్‌మాస్టర్ అను పాత బస్సు 1956 లో వీధికెక్కినది. దాని వెనుకవైపు తలుపులేని గట్టు, ఆ గట్టుపై కండక్టరు, పరుగెత్తి యెక్కువానికి ఆతని చేయి, ఇవన్నియు 2005 డిసెంబరుతో నిత్యసేవనుండి తొలగిపోయినవి. 2014 జూలై నుండి లండను బస్సులో నాణెములు పుచ్చుకొనరు. కార్డు తాకించిన చాలును. గుర్తువద్ద చేయి చాచినగాని ఆగని బస్సు పెక్కుచోట్ల కలదు. చేయి చాచుట చిన్నతనమని నిలిచియున్న మన పెద్దలు కొందరు బస్సు వెళ్లిపోవుట చూచి ఆశ్చర్యపడిరి. ముసలివారు, చక్రపు కుర్చీవారు వచ్చినప్పుడు బస్సు ఏనుగువలె ఒక ప్రక్కకు వంగి గడప తగ్గించును. దిగునప్పుడు డ్రైవరునకు కృతజ్ఞత చెప్పుట పల్లెలలో తప్పని ఆచారము. మన పిల్లలు ఆచ్చట ఒక నెల ఉండి వచ్చి ఇచ్చట ఆటో దిగునప్పుడు ఆ మాట పలుకగా డ్రైవరులు తెల్లబోవుచున్నారు.

వృద్ధులకు ఇంగ్లండు అంతట 2008 ఏప్రిల్ 1 నుండి స్థానిక బస్సులలో ఉచితపు పాసు కలదు. పని దినములలో ఉదయము తొమ్మిదిన్నర దాటిన పిదపనే అది చెల్లును. తొమ్మిది గంటల ఇరువదియెనిమిది నిమిషములకు వచ్చిన బస్సు మెట్టెక్కి, చాల తొందరగా వచ్చితిమా యని ఇంగ్లీషున దీనముగ అడుగు ముసలివారికి డ్రైవరులు ఆ ప్రశ్నలోని మాటలనే కలిపి "ట్విర్లీలు" అని ముద్దుపేరు పెట్టిరి. స్కాట్లండులో అరువదేండ్లకే పాసు ఇత్తురు. 2022 జనవరి 31 నుండి ఇరువదిరెండేండ్లలోపు వారికిని ఇచ్చుచున్నారు.

కాని ఈ బస్సు మెట్టు అందరికి ఎల్లప్పుడు సమానముగా లేదు. బ్రిస్టల్ నగరమున, ఆ రెండు ముండ్ల గడియారపు ఊరిలోనే, 1963 లో నల్లవారు, ఆసియావారు బస్సులో ప్రయాణింపవచ్చును గాని డ్రైవరుగా, కండక్టరుగా కొలువు చేయరాదు. యుద్ధానంతరము జీతములు తక్కువ. అదనపు గంటలు పనిచేసి తెల్ల కార్మికులు సంసారమీదుచుండిరి. క్రొత్తవారు వచ్చినచో ఆ గంటలు పోవునని వారి భయము. కంపెనీయు, కార్మికుల శాఖయు ఆ భయమునే ధర్మముగా చేసికొనినవి. పాల్ స్టీఫెన్సన్ అను యువకుడు ఒక పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిచేత దరఖాస్తు పెట్టించెను. అర్హుడని పిలిచిన కంపెనీ, ఆతడు వెస్టిండీస్ వాడని తెలిసిన వెంటనే కాదనెను. ఏప్రిల్ 30 నుండి నల్లజాతివారు బస్సెక్కుట మానివేసిరి. విద్యార్థులు, తెల్లవారిలో పలువురు వారితో చేరిరి. నాలుగు నెలలు నడచి పనికి పోయిరి. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చెను. సెప్టెంబరు 17న ఆ నగరమున మొదటి తెల్లనివాడుకాని కండక్టరుగా బస్సెక్కినవాడు మన భారతీయుడు, రఘుబీర్ సింగ్ అను సిక్కు. పిమ్మట వచ్చిన 1965, 1968 సంవత్సరముల వర్ణవివక్ష నిషేధ చట్టములకు ఈ నడక ఒక కారణమని చరిత్రకారుల మాట. నేడు లండను బస్సు చక్రము పట్టినవాడు పంజాబీయో, సోమాలియో, పోలండు వాడో యని ఎవ్వరు చూచుట లేదు.

పల్లె బస్సు సంగతి వేరు. 1986 అక్టోబరు 26 నుండి లండను తప్ప బ్రిటనంతట బస్సు మార్గములను పోటీకి వదలివేసిరి. లాభము వచ్చు మార్గమున ఒకదాని వెనుక ఒకటిగా రెండు కంపెనీల బస్సులు. లాభము రాని మార్గమునకు జిల్లా మండలి సొమ్మిచ్చి నడపించవలెను. 2010 తరువాత మండలుల నిధులు తగ్గినవి, వానితోపాటు పల్లె బస్సులును తగ్గినవి. వారమునకు రెండునాళ్లే బస్సు వచ్చు ఊళ్లు కలవు. మంగళవారము పదింటికి పోయి ఒంటిగంటకు తిరిగివచ్చు బస్సే గతియైనచో, రోగము మంగళవారమే రావలెను, వైద్యుడు ఆ మూడు గంటలలోనే చూడవలెను, గ్రంథాలయము ఆనాడే తెరచియుండవలెను. కారు నడపలేని వృద్ధురాలి చేతిలో ఉచితపు పాసు ఉన్నది, ఎక్కుటకు బస్సు లేదు. కొన్ని పల్లెలలో ఊరివారే చందాలు కూర్చి, చిన్న బస్సు కొని, వంతులవారీగా జీతము లేక నడపుచున్నారు. ఇంగ్లండులో 2023 జనవరి నుండి ఒక్క ప్రయాణమునకు రెండు పౌండ్లకు మించరాదని, 2025 జనవరి నుండి మూడు పౌండ్లకు మించరాదని కట్టడి చేసిరి. మాంచెస్టరు మహానగరము 2025 జనవరి 5 నాటికి తన బస్సులన్నిటిని మరల ప్రజాసంస్థ అదుపులోనికి తెచ్చుకొనెను. రైళ్లును, 1948 లో జాతీయమై, 1994–97 నడుమ ప్రైవేటు చేతులకు పోయి, 2025 మే 25 నుండి గడువు తీరిన కొలది ఒక్కొక్కటిగ ప్రభుత్వపరమగుచున్నవి.

ఇక లెక్కల సంగతి. 1963 మార్చి 27న డాక్టరు బీచింగ్ అను రైల్వే అధ్యక్షుని నివేదిక వెలువడెను. రైల్వేకు ఏటేట నష్టము, కార్లు పెరుగుచున్నవి, ఏదో చేయవలసియుండెను, ఇది నిజము. మొత్తము మార్గములో సుమారు మూడవవంతు మీద ప్రయాణికుల రాకపోకలలో నూటికొక్క పాలు మాత్రమే జరుగుచున్నదని ఆయన చూపెను. 2,363 స్టేషనులు, అయిదువేల మైళ్ల మార్గము మూయవలెననెను. ఆయన కూడికలలో తప్పు లేదు. లెక్క తీసిన వేళలో ఉన్నది. 1961 ఏప్రిల్ నెలలో ఒక్క వారము టిక్కెట్లు లెక్కించిరి. సముద్రపు ఒడ్డు ఊళ్లకు జనము వేసవిలో పోదురు గాని ఏప్రిలులో పోవరు. పైరు లేని వేళ అజమాయిషీ చేసి భూమి బీడని వ్రాసినట్లైనది. రెండవది, కొమ్మమార్గపు టిక్కెట్టు సొమ్మును కొమ్మకే కట్టిరి. ఆ కొమ్మనుండి బయలుదేరినవాడు పెద్ద మార్గమున మూడువందల మైళ్లు పోవును గదా! పిల్లకాలువ పూడ్చినచో పెద్ద కాలువకు నీరు మిగులునని తలచిరి. కొమ్మ పోయినవాడు బస్సులో పెద్ద స్టేషనుకు రాలేదు, కారు కొని ఇంటినుండియే పోయెను. అప్పటి రవాణా మంత్రికి రోడ్లు వేయు కంపెనీతో పూర్వసంబంధముండుటయు విమర్శకు గురియైనది. ఆయితే వేగపు బండ్లు, పెట్టెలలో సరకు రవాణా అను ఆలోచనలు కూడ బీచింగ్‌వే, అవి ఫలించినవి. ఆయనను రాక్షసుని చేయుట సులభము, న్యాయము కాదు.

మూయబడిన మార్గములలో ఎడింబరోనుండి సరిహద్దు కొండల మీదుగా కార్లైల్ వరకు పోవు 98 మైళ్ల వేవర్లీ మార్గమొకటి. వాల్టర్ స్కాట్ నవలల పేరు రైలుమార్గమునకు పెట్టుట గ్రంథప్రియులకు ఆనందదాయకము. హావిక్ పట్టణపు గృహిణి మ్యాడ్జ్ ఎలియట్ పదునొకండు వేలకు పైగా సంతకములు కూర్చి లండను తీసికొనిపోయి ప్రధానమంత్రి ఇంటివద్ద సమర్పించెను. ఫలము లేదు. 1969 జనవరి 5 రాత్రి చివరి బండి బయలుదేరెను. హావిక్ వారు ఆ బండిలో ఒక శవపేటిక నెక్కించిరి. రైలు పుట్టిన సంవత్సరము 1849, చంపిన సంవత్సరము 1969 అని దానిపై వ్రాసి, రవాణా మంత్రి పేరిట పంపిరి. కొండల నడుమ న్యూకాజిల్టన్ అను చిన్న గ్రామమున జనము చలిలో వచ్చి గేటుకు తాళము వేసి పట్టాలపై నిలిచిరి. ఊరి మతగురువును పోలీసులు పట్టుకొనిపోయిరి. ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు డేవిడ్ స్టీల్ ఆ బండిలోనే యుండెను. ఆయన దిగి, మతగురువును విడిచినచో జనము తొలగునని ఇరుపక్షములను ఒప్పించెను. గేటు తెరచిరి. బండి పోయెను. పిదప పట్టాలు ఊడదీసిరి.

నలువదియారేండ్లకు, 2015 సెప్టెంబరు 6న, ఎడింబరోనుండి ట్వీడ్‌బ్యాంక్ వరకు ముప్పది మైళ్లు మరల రైలు వచ్చెను. మొదటి సంవత్సరముననే పదిలక్షలకు పైగా ప్రయాణములు జరిగినవి. ఒక ఇంజనుకు మ్యాడ్జ్ ఎలియట్ పేరు పెట్టిరి. హావిక్ వారు నేటికిని గాలాషీల్స్ వరకు బస్సులో వచ్చి రైలెక్కవలెను. న్యూకాజిల్టన్‌కు ఇంకను రైలు లేదు.